బొంగరం కూర్చున్న రెండు సీసాలు

శిక్షణ కేంద్రం,
రెండో షెడ్డు పక్క గది,
సోమవారం, టీ వేళ.

చెల్లీ,

ఫోన్లో అయితే రెండో నిమిషానికల్లా మనిద్దరం పోట్లాడుకుంటాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నేనడగబోయేది నువ్వు మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినాలి.

బొంగరం గురించి పోయినసారి రాశాను కదా, ఆ గోధుమరంగు కుక్క. కూర్చోమంటే తన చుట్టూ తాను మూడుసార్లు తిరిగితేగాని కూర్చోదు, అందుకే ఆ పేరు. రికార్డులో ఏదో గొప్ప పేరుంది గానీ అది దానికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. సామాన్లు వాసన చూసి సోదా చేసే కుక్కల జట్టులోంచి "నిలకడ లేదు" అని దాన్ని తీసేస్తే నేనే అడిగి తెచ్చుకున్నాను. నిలకడ లేనివాళ్లతో వేగడం నాకు అలవాటే, నిన్ను పెంచలేదూ!

ఇప్పుడది నేర్చుకుంటున్నది మనుషుల ఊపిరి. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మొదలైన మనిషి వదిలే ఊపిరిలో ఏదో తేడా ఉంటుంది. మన ముక్కుకి అందదు, కుక్క ముక్కుకి అందుతుంది. అలాంటివాళ్లు ఊపిరి వదిలిన గుడ్డని గాజు సీసాలో పెట్టి, మామూలువాళ్ల గుడ్డలున్న సీసాల మధ్య దాస్తాం. బొంగరం ఒక్కో సీసా మూతి దగ్గరా ముక్కు పెట్టుకుంటూ వెళ్లి, జబ్బు వాసన తగిలినచోట కూర్చోవాలి. సరిగ్గా కూర్చుంటే రబ్బరు బంతి ఇస్తాం. తప్పుగా కూర్చుంటే ఏమీ లేదు. తిట్టకూడదు, కొట్టకూడదు, మొహం కూడా ముడుచుకోకూడదు. ఈ ఆఖరిది నాకెంత కష్టమో నీకు తెలుసు.

చిక్కేమిటంటే, జబ్బున్నవాళ్ల గుడ్డలు ఆసుపత్రి వాళ్లు పంపిస్తున్నారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గుడ్డలకే కరువు. ఇక్కడ పనిచేసే పదిమంది ఊపిరీ దానికి కంఠతా వచ్చేసింది. కొత్తవాళ్లు కావాలి. నీది, మీ ఆయనది, మీ అత్తగారిది, మీ ఫ్రేముల దుకాణం యజమానిది, మొత్తం నాలుగు పంపు. ఈ పార్సిల్లో ఉన్న మాస్కుల లోపల గుడ్డ పెట్టి ఉంది. తిన్న గంట తర్వాత ఒక్కొక్కరూ పది నిమిషాలు మాస్కు పెట్టుకుని కూర్చోవాలి. ఆ తర్వాత పట్టకారుతో గుడ్డ తీసి సీసాలో వేసి మూత బిగించు. చేత్తో ముట్టుకున్నావో, నీ వార్నిష్ వాసనంతా దానికి అంటుకుంటుంది.

ఏ సీసా ఎవరిదో మాత్రం నాకు రాయకు. పేర్లు విడిగా కవరులో పెట్టి అంటించు. దాన్ని మా రిజిస్టరు ఆవిడ తెరిచి నంబర్లు వేస్తుంది. నాకు తెలిస్తే బొంగరానికి తెలిసిపోతుంది. వేళాకోళం కాదు. దాని మెడపట్టీ పట్టుకుని నడిపించే మనిషి అడుగు అర క్షణం ఆగినా చాలు, నన్ను సంతోషపెట్టాలని అక్కడే కూర్చునేస్తుంది. ఇక్కడ ఒకాయన కుక్కకి ఏడాదిపాటు నేర్పాననుకున్నాడు, తీరా చూస్తే కుక్కే ఆయన మొహం చదవడం నేర్చుకుంది.

ఆలస్యం చేయకు. నాకు కుదురుగా లేదు.

అక్క

*

ఫ్రేముల దుకాణం,
గాజు కోసే బల్ల,
శనివారం మధ్యాహ్నం.

కుక్కల పంతులమ్మగారికి,

నాలుగు సీసాలూ, పేర్ల కవరూ ఇందులో ఉన్నాయి. పట్టకారు, మూత, గంట ఆగడం, అన్నీ తమరు సెలవిచ్చినట్టే.

మా అత్తగారు మాస్కు పెట్టుకుని పది నిమిషాలు ఎంత హుందాగా కూర్చున్నారంటే, నేను చప్పుడు చేయకుండా నడవాల్సి వచ్చింది. తీశాక మొదట అడిగిన మాట, "ఆ కుక్కకి నేనేం తిన్నదీ తెలిసిపోతుందా?" అని. డాక్టరు వద్దన్నవన్నీ దాచుకుని తింటారులే. యజమాని మాస్కుతోనే ఇద్దరు ఖాతాదారులతో బేరం ఆడారు, నోరు కనపడకపోవడంతో ఎప్పుడూ లేనిది ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. మీ మరిది కూడా కూర్చున్నారు. నాదీ అయింది.

నీ కుక్క ఎవరి సీసా దగ్గరైనా కూర్చుంటే అది మా అత్తగారిదే అయ్యుంటుంది. ఆవిడ నోటికి ఏ కుక్కయినా కూర్చోవలసిందే.

చెక్కపొడికి దగ్గు పట్టుకుంది. ఈ వారం పెళ్లిఫొటోల ఫ్రేములు నలభై ఉన్నాయి, ముక్కుకి గుడ్డ కట్టుకుని కోస్తున్నాను. అంటే నేనూ బొంగరం లాగా ముక్కుతోనే బతుకుతున్నానన్నమాట.

నువ్వు ఏదైనా తింటున్నావా, లేక కుక్కలకి పెట్టి చూస్తూ కూర్చుంటున్నావా? రాయి.

చెల్లి

*

శిక్షణ కేంద్రం,
గురువారం.

చెల్లీ,

సీసాలు అందాయి. పగల్లేదు.

రికార్డు కోసం కొన్ని సంగతులు కావాలి. గుడ్డలు తీసేటప్పుడు వార్నిష్ డబ్బా దగ్గర్లో ఉందా? నలుగురూ ఒకే రోజు కూర్చున్నారా? ఒక్కొక్కరూ పూర్తిగా పది నిమిషాలు ఉన్నారా? మీ ఆయన మధ్యలో లేవలేదు కదా? సీసాలు ఎక్కడ పెట్టావు?

అందరూ ఎలా ఉన్నారు? మీ ఆయనకి ఒంట్లో బాగుందా? నీ దగ్గు తగ్గిందా?

వెంటనే రాయి.

అక్క

*

ఇల్లు,
వంటింటి గట్టు,
మంగళవారం.

అక్కా,

నీ ఉత్తరం చదివితే పోలీసువాళ్లు ఇంటికొచ్చినట్టుంది. నాలుగు గుడ్డలు అడిగావు, నాలుగు పంపాను. డబ్బా దగ్గర్లో లేదు. అందరూ పది నిమిషాలూ కూర్చున్నారు. మీ మరిది బుద్ధిగా కూర్చున్నారు. ఇంకేం కావాలి, ఆయన చేత వాంగ్మూలం రాయించి పంపనా?

సీసాలు గూట్లో పెట్టాను, పైన వార్తాపత్రిక కప్పాను. ఏ తేదీ పత్రికో కూడా చెప్పాలా?

దగ్గు తగ్గింది. ఆయన బాగున్నారు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, రోజూ పది అంతస్తులు ఎక్కి దిగుతున్నారు.

ఒక్కటి చెప్పనా? నువ్వేదో దాస్తున్నావు. దాచేటప్పుడు నీ ఉత్తరాలు పొట్టివైపోతాయి. చిన్నప్పుడు నా పిచ్చుక పిల్ల చచ్చిపోతే, "అన్నం తిను" అని తప్ప నాతో పొద్దున్నించీ ఇంకో మాట మాట్లాడలేదు నువ్వు. అప్పుడే నాకు అర్థమైపోయింది. బొంగరం ఒక్కటే కాదు, నేనూ నీ మొహం చదవగలను. అదేదో చెప్పెయ్.

చెల్లి

*

శిక్షణ కేంద్రం,
రెండో షెడ్డు పక్క గది,
ఆదివారం. ఎవరూ లేరు.

చెల్లీ,

సరే, చెబుతున్నాను.

మీ పార్సిల్లో వచ్చిన నాలుగింటిలో రెండు సీసాల దగ్గర బొంగరం కూర్చుంది. మొదటిరోజు పట్టీ నా చేతిలోనే ఉంది కాబట్టి తప్పు నాదే అనుకున్నాను. మర్నాడు ఇక్కడ నాతో పనిచేసే పొడుగమ్మాయి చేతికిచ్చాను. ఆ అమ్మాయికి ఏ సీసా ఏమిటో తెలియదు. రిజిస్టరు ఆవిడ సీసాల వరస మార్చింది. మళ్లీ అవే రెండు. నాలుగు రోజులు, పదకొండు విడతలు, అవే రెండు. మూడుసార్లు గిర్రున తిరగడం, కూర్చోవడం, బంతి కోసం మా వైపు చూడడం. ఇవి జబ్బు లేనివాళ్ల సీసాలని కాగితం చెబుతోంది గనక బంతి ఇవ్వడానికి లేదు. పాపం, నేర్పినదంతా సరిగ్గా చేస్తున్నాను కదా, మీకేం వచ్చింది అన్నట్టు చూస్తుంది. రాత్రీ పగలూ గూట్లో తిరుగుతూనే ఉంటుంది. నేనూ అంతే.

ఎవరివో నాకు తెలియకూడదు. కానీ మా ఇన్‌చార్జి రిజిస్టరు చూసొచ్చి కోపంలో నోరు జారారు. "ఒకే ఇంట్లో మొగుడికీ పెళ్లానికీ ఒకేసారి వస్తుందా ఎక్కడైనా? మీ కుక్క ఆ ఇంటి వాసన పట్టుకుంది. అంతే!" అన్నారు. మరి అదే ఇంట్లో ఉండే మీ అత్తగారి సీసాని ఎందుకు వదిలేసిందండీ అన్నాను. అయితే వార్నిష్ అన్నారు. కొత్త గుడ్డల మీద వార్నిష్ పట్టించి పెట్టి చూశాను. బొంగరం తుమ్మి ముందుకెళ్లిపోయింది. అయినా ఆయన వినలేదు. రెండోసారి కూడా కుదురులేని కుక్క అని తేల్చేశారు. వచ్చే శుక్రవారం వ్యాను వస్తుంది, ఒక గోదాము వాళ్లు కాపలాకి తీసుకెళ్తారు. అక్కడ గేటు దగ్గర గొలుసు ఉంటుంది. అరిస్తే చాలట, వాసన పట్టనక్కర్లేదట.

తప్పు కుక్కదే అని అందరూ అంటున్నారు. తప్పు కుక్కదే అయితే బాగుండునని నేనూ అనుకుంటున్నాను. రెండేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన కుక్క తప్పు కావాలని కోరుకుంటున్నాను, చూడు నా బతుకు.

ఏమీ ఉండదు. ఊరికే మీరిద్దరూ ఒకసారి ఛాతీకి స్కాన్ తీయించుకోండి. మీ ఆయనకి చెప్పు. ఊరికే.

అక్క

*

ఫ్రేముల దుకాణం,
బుధవారం ఉదయం, షట్టరు ఇంకా సగమే ఎత్తాను.

అక్కా,

ముందు తిట్టకు. తర్వాత కావాలంటే నవ్వు.

నీ ఉత్తరం చదివి, ఆయన సంగతి తలుచుకుని షట్టరు సగంలోనే వదిలేశాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. హాయిగా, పెద్దగా నవ్వాను. పక్క కొట్టు గడియారాల ఆయన తొంగి చూశాడు. ఎందుకంటే, అక్కా, ఆ రెండో గుడ్డ మీ మరిదిది కానే కాదు. నాదే!

జరిగిందేమిటంటే, మాస్కు చూడగానే ఆయన "నాకు ఊపిరాడదే" అన్నారు. ఇంకా పెట్టుకోనైనా లేదు. సరే బతిమాలి పెట్టించాను. ఒక నిమిషం ఉండి, లిఫ్టు ఏదో ఆగిపోయిందని గుర్తొచ్చి లేచిపోయారు. అసలు సంగతి అది కాదు, పరీక్ష అనే మాట వింటేనే ఆయనకి చెమటలు. మా మామగారు ఊరికే పరీక్షకని వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటి నుంచీ ఆయన ఆసుపత్రి ఉన్న వీధిలోంచి కూడా నడవరు. నువ్వేమో నాలుగు కావాలన్నావు. మూడే పంపితే "మీ ఆయన అంతేలే" అంటావు. అంటావా, అనవా? అందుకని కొత్త మాస్కు తీసి రెండోసారి కూడా నేనే పెట్టుకుని ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను. కవరులో ఒకదానికి ఆయన పేరు రాశాను. ఊపిరి ఊపిరే కదా, ఎవరిదైతే ఏమిటి అనుకున్నాను.

కాబట్టి ఆయనకేం లేదు. అసలు ఆయన గుడ్డే అక్కడ లేదు! వెళ్లి మీ ఇన్‌చార్జికి చెప్పు, రెండు పేర్లతో వచ్చిన ఒకే మనిషిని బొంగరం పట్టుకుందని. పదకొండుసార్లు పట్టుకుందని. దానికి బంతులు ఇప్పించు. వ్యాను వెనక్కి పంపించెయ్. ఇంత తెలివైన కుక్కని గొలుసుకి కడతారా ఎవరైనా?

అక్కా.

ఇంతవరకూ రాసి కవరులో పెట్టబోతూ ఒకసారి చదువుకున్నాను.

బొంగరం కూర్చునేది మనిషిని గుర్తుపట్టి కాదు కదా. జబ్బు దగ్గర కదా.

ఈ కాగితం చింపేసి వేరేది రాద్దామనిపించింది. కానీ అప్పుడు వ్యాను వచ్చేస్తుంది. ఇలాగే పంపుతున్నాను. కొరియర్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు, ఈ ఉత్తరం కోసమే ఆగాడు.

దగ్గు తగ్గలేదు. తగ్గిందని రాశాను గానీ తగ్గలేదు.

చెల్లి

*

ఆసుపత్రి,
మూడో అంతస్తు వరండా, కిటికీ పక్క బెంచీ,
సోమవారం.

అక్కా,

ఆయన పనిచేసే చోటికి ఫోన్ చేసి చెప్పావట. నాకేమో ఉత్తరాలు, ఆయనకేమో ఫోన్! గురువారం మధ్యాహ్నం పనిముట్ల సంచీ భుజాన ఉండగానే దుకాణానికొచ్చి, "పద" అన్నారు. ఎక్కడికో చెప్పలేదు. ఆసుపత్రి వీధి మలుపు దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ధైర్యం చెప్పడానికనుకున్నాను. తీరా చూస్తే నేనే ఆయన్ని లాక్కుని నడవాల్సి వచ్చింది.

ఉంది. కుడివైపు, పైన. బఠాణీ గింజంత. ఇంకెక్కడికీ పాకలేదంటున్నారు గానీ సూది పెట్టి తీసిన ముక్క పరీక్షకి పోయింది, రేపు చెబుతారు. "ఇంత చిన్నగా ఉన్నప్పుడు మా దగ్గరికి ఎవరూ రారే, ఎలా తెలిసింది?" అన్నాడు డాక్టరు. కుక్క చెప్పిందన్నాను. పెన్ను కిందపెట్టి నా వైపు చూశాడు. దగ్గు చెక్కపొడిదేనట, దీనికీ దానికీ సంబంధం లేదట. కుక్కే లేకపోతే ఇంకో ఏడాది నాకేమీ తెలిసేది కాదట.

ఇప్పుడు నీ సంగతి. మూడు వారాలు, అక్కా. మూడు వారాలు బొంగరం నా సీసా దగ్గర కూర్చుంటూనే ఉంది, నువ్వు నన్ను వార్నిష్ డబ్బా ఎక్కడుందని అడుగుతూనే ఉన్నావు. మొగుడూ పెళ్లాలని మీ ఇన్‌చార్జి అన్న రోజే నీకు తెలుసు, ఒకటి నాది అయ్యుండచ్చని. కుక్క పోతోందని నాలుగు పేజీలు రాశావు. నా గురించి ఆఖర్న ఒక్క ముక్క, "ఊరికే స్కాన్ తీయించుకోండి" అని. ఊరికేనా? నా ప్రాణం నీకు ఊరికేనా?

నాకు చాలా కోపంగా ఉంది. చాలా భయంగా కూడా ఉంది. రెండూ కలిసి కూర్చోనివ్వడం లేదు. ఈ వరండా ఈ చివర నుంచి ఆ చివరికి యాభై రెండు అడుగులు.

చెల్లి

*

శిక్షణ కేంద్రం,
బుధవారం.

తల్లీ,

నువ్వన్న ప్రతి మాటా నిజం. రూలు అన్నాను, రిజిస్టరు అన్నాను, రికార్డు అన్నాను. అవన్నీ చాటు. నాకు భయం వేసింది, అంతే. రాస్తే నిజమైపోతుందని భయం వేసింది. కుక్కని నిలబెట్టి నిజం చెప్పమని నేర్పే మనిషిని, నా నోటితో చెప్పలేకపోయాను. ఫోన్ నీకే చేద్దామని నాలుగుసార్లు ఎత్తాను. నా గొంతు వింటే నీకు తెలిసిపోతుందని పెట్టేశాను. తెలిస్తేనే కదా మంచిదని ఆ క్షణంలో తట్టలేదు. క్షమించమని అడగను, కోపం పోయేదాకా తిట్టు.

నీ ఉత్తరం గురువారం పొద్దున్న అందింది. నువ్వు నవ్విన పేజీ చదువుతూ నేనూ నవ్వడం మొదలుపెట్టాను. పేజీ తిప్పాను. ఆ తర్వాత మీ ఆయనకి ఫోన్ చేసింది గుర్తుంది గానీ ఏం మాట్లాడానో గుర్తులేదు.

మీ ఆయనతో మాట్లాడాక ఉత్తరం తీసుకెళ్లి ఇన్‌చార్జి బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. రిజిస్టరు ఆవిడని పిలిచి, రెండు నంబర్ల పక్కనా ఒకే మనిషి అని రాయమన్నారు. ఆవిడ రాస్తూ కళ్లు తుడుచుకుంది, నీ మొహం కూడా ఎప్పుడూ చూడనిది. శుక్రవారం వచ్చిన వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

అప్పుడు ఇన్‌చార్జి అన్నారు, "దానికి ఇవ్వాల్సింది ఇచ్చేయండి" అని. నీ సీసా మళ్లీ పెట్టారు. బొంగరం గిర్రున తిరిగి కూర్చుంది, నా వైపు చూసింది. మూడు వారాలుగా అది ఎదురుచూస్తున్న బంతి నా జేబులో ఉంది. తీయడానికి చెయ్యి రాలేదు. నా చెల్లెలికి జబ్బని చెప్పినందుకు దానికి బంతి ఇవ్వాలి. ఇచ్చాను. అది ఎంత సంతోషంగా ఆడుకుందో చెప్పలేను. షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాను.

శనివారం బస్సెక్కుతున్నాను. ఆపరేషన్ చేయాలన్నారని మీ ఆయన ఫోన్లో చెప్పారు. అదెప్పుడైనా సరే, అయ్యేదాకా అక్కడే ఉంటాను. మిగతా తిట్లు ఎదురుగా తిట్టు.

అక్క

*

ఇల్లు,
మేడ మెట్లు,
ఐదు నెలల తర్వాత ఒక ఆదివారం.

అక్కా,

నువ్వు ఆసుపత్రిలో ఉన్న పన్నెండు రోజులూ కాలుగాలిన పిల్లిలా తిరిగి నర్సులని ఎంత విసిగించావో, వాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు, "మీ అక్కగారు రాలేదు కదా?" అని. పోట్లాట మాత్రం బాగా జరిగింది. కుట్ల నొప్పితో తిట్టడం ఎంత కష్టమో నీకేం తెలుసు!

ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. పై మెట్టు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. దుకాణానికి సగం పూట వెళ్తున్నాను, చెక్క కోసే పని యజమాని తీసుకున్నారు. మా అత్తగారు నా పళ్లెం ముందు కాపలా కూర్చుంటున్నారు. ఆవిడని నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. రెండు మూడు ఉంచుకుంటాను.

అసలు సంగతికొస్తున్నాను. స్కాన్ వచ్చే నెల ఇరవైన. డాక్టరు బాగానే ఉంటుందంటున్నాడు. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల ఏముందో అని వింటున్నాను. ఎవరైనా నా పక్కన ఒక్క క్షణం ఆగితే చాలు, జబ్బు వాసన పట్టారేమోనని లేచిపోతున్నాను. ఇరవై దాకా ఆగలేను, అక్కా.

అందుకని రెండు సీసాలు పంపుతున్నాను. పేర్లు కవరులో ఉన్నాయి, ఈసారి నిజమైనవే. బొంగరం ముందు పెట్టు. ఏం చేసినా చెప్పు. కూర్చుంటే కూర్చుందని చెప్పు, పొట్టి ఉత్తరం రాశావో ఊరుకోను.

చెల్లి

వదినగారికి నమస్కారాలు. రెండో సీసా నాదేనండి. పది నిమిషాలూ కూర్చున్నాను. అమ్మ గడియారం చూసింది. ఏడో నిమిషంలో ఒకసారి లేవబోయాను, మీ చెల్లెలు నా వైపు చూసింది, మళ్లీ కూర్చున్నాను. ఆవేళే కూర్చుని ఉంటే మీకు అంత గందరగోళం ఉండేది కాదు. నేను లేచిపోబట్టే కుక్క మాట ఎవరూ నమ్మలేదు. ఇది రోజూ గుర్తొస్తుందండి.

*

శిక్షణ కేంద్రం,
రెండో షెడ్డు వెనక అరుగు,
శుక్రవారం.

చెల్లీ,

మొదట కుదరదన్నాను. బొంగరం డాక్టరు కాదు, ఆపరేషన్ అయినవాళ్ల ఊపిరి దానికెప్పుడూ చూపించలేదు, రేపు అది ఏం చేసినా నువ్వు దాన్నే పట్టుకుని వేలాడతావు అని వాదించాను. ఎవరితో అనుకున్నావు? ఇన్‌చార్జితో. ఆయనే పెట్టి చూద్దామన్నారు! మనిషి ఎంత మారిపోయారో చూడు. వ్యాను సంగతి గుర్తొస్తే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి ఆయనకి.

రెండు నీ పార్సిల్లోవి, ఆసుపత్రి నుంచి జబ్బు మనిషిది ఒకటి, మిగతావి మామూలువి, మొత్తం పన్నెండు సీసాలు. వరస రిజిస్టరు ఆవిడ పెట్టింది. పట్టీ పొడుగమ్మాయికి ఇచ్చాను. నేను గదిలో ఉండనన్నాను. నాకేం తెలియకపోయినా, నేను కోరుకుంటున్నదేమిటో బొంగరానికి తెలిసిపోతుంది. షెడ్డు వెనకకొచ్చి ఈ అరుగు మీద కూర్చున్నాను. రేకు గోడ కదా, లోపల దాని గోళ్ల చప్పుడు వినిపిస్తుంది.

టకటకమని నడిచి ఆగింది. మళ్లీ నడిచి ఆగింది. మూడోచోట గిర్రున తిరిగిన చప్పుడు. కూర్చుంది.

చెల్లీ, అది ఆసుపత్రి సీసాయో, నీదో, మీ ఆయనదో నాకు తెలియదు. అడగడానికి లేదు. నోట్లో చీరకొంగు కుక్కుకుని కూర్చున్నాను. మిగతా తొమ్మిదీ దాటే చప్పుడు విన్నాను. మళ్లీ కూర్చోలేదు. సీసాల వరస మార్చారు. ఈసారి తొమ్మిదోచోట కూర్చుంది. మళ్లీ మార్చారు, మొదటిచోటే కూర్చుంది. మూడు విడతలూ ఒక్కొక్కసారే. కూర్చున్నది మూడుసార్లూ ఒకే సీసా దగ్గరని గోడ లోంచి నాకెలా తెలుస్తుంది?

మూడు విడతలూ అయ్యాక ఇద్దామనుకున్న బంతి, లోపల నేల మీద ఎగిరిన చప్పుడైంది. సరిగ్గా కూర్చుంటే తప్ప బంతి ఇవ్వకూడదని నేనే రూలు పెట్టాను. అయినా లేవలేకపోయాను. రిజిస్టరు ఆవిడే బయటికొచ్చింది. కవరు చింపి చేత్తో పట్టుకుంది. "ఆసుపత్రిదండీ, మూడుసార్లూ అదే" అంది.

నీది కాదు. మీ ఆయనదీ కాదు. ఇరవయ్యో తారీఖు స్కాన్ మానావంటే కాళ్లు విరగ్గొడతాను, అది వేరే సంగతి. మీ ఆయనకి చెప్పు, ఏడో నిమిషంలో మళ్లీ కూర్చున్నందుకు బొంగరం తరఫున ఆయనకో బంతి పంపుతున్నాను. ఆవేళ లేచిపోయిన సంగతి ఇంక మరిచిపొమ్మను. ఆ గందరగోళం లేకపోతే, ఒక్క సీసా దగ్గర కూర్చుంది కదా, ఏదో పొరపాటని అందరం వదిలేసేవాళ్లం!

పొడుగమ్మాయిని పిలిచి అడిగాను, మా చెల్లెలి సీసా దగ్గర అదేం చేసిందని. ఆ అమ్మాయి కాసేపు గుర్తుచేసుకుని, "ఏం చెయ్యలేదండీ. ముక్కు పెట్టింది. ఆవలించింది. వెళ్లిపోయింది" అంది.

మళ్లీ చెప్పమన్నాను. నాలుగుసార్లు చెప్పించుకున్నాను.

నీ అక్క